కార్ఖానా దాకా

"గిది ప్యారడైజ్ అవ్వా. ఇక్కడ ఎప్పుడు జామే. జెర ఓపిక పట్టాలె."

నర్సుల కౌంటరు ముందు బిక్షం స్ట్రెచరు ఆపాడు. మందుల ట్రాలీ ఒకటి అడ్డంగా ఉంది. దాని పక్కన తడిగుడ్డ వేలాడుతున్న బకెట్టు. దాని పక్కన ఫోనులో గొంతు చించుకుంటున్న ఓ పేషెంటు తాలూకు మనిషి. ఎవరికి వారే ఆ దారి తమ తాత వేయించినట్టు నిలబడ్డారు.

స్ట్రెచరు మీదున్న దేవమ్మ మోండా మార్కెట్లో ఏళ్ళకేళ్ళు ఆకుకూరలమ్మిన మనిషి. వానలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నొప్పికి మొహం ముడుచుకుపోయినా నోరు మాత్రం ముడుచుకోలేదు.

"ప్యారడైజంటివి, బిర్యానీ వాసన రాదేంది కొడుకా?"

"బిర్యానీ డాక్టర్లకు. మనకు జావ."

"నీ నోరు పాడుగాను," అని నవ్వబోయి, నొప్పికి మధ్యలోనే ఆపేసింది.

ట్రాలీ కదిలింది. "ఇప్పుడు కుడికి తిప్పుతున్న. ఇది పాట్నీ. ఇంకొంచెం పోతే క్లాక్ టవరు. ఆడ గోడ మీద గడియారం నడవదు, దానిమీద ఆశ పెట్టుకోకు. తర్వాత స్టేషను, అంటే లిఫ్టు. కిందికి దిగినంక ఆలుగడ్డబావి బ్రిడ్జి ఉంటది, ఆడ కుదుపు. నేను ముందుగాల చెప్తా, చెప్పినప్పుడు పండ్లు బిగబట్టు. మెట్టుగూడల నీ తుంటికి ఫోటో తీస్తరు."

"బస్సుల తోల్కపోతున్నట్టే ఉన్నది."

"టికెట్టు సుత లేదు. కూసో."

"కూసుంటే నీతోని పనేంది బిడ్డా," అంది దేవమ్మ.

ఆసుపత్రి పద్మారావు నగర్ చివర పాత మేడ ఒకటి, కొత్త మేడ ఒకటి కలిపి కుట్టిన బొంతలా ఉంటుంది. కుట్టు వేసిన చోట ఇనపపట్టీ పొడుచుకొచ్చి ఉంది. స్ట్రెచరు చక్రం దానిమీద ఎక్కి దిగినప్పుడల్లా పడుకున్న మనిషి ఎముకలన్నీ ఒకసారి లేచి కూర్చుంటాయి. దానికే బిక్షం ఆలుగడ్డబావి బ్రిడ్జి అని పేరు పెట్టాడు. మూల మూలకూ ఊళ్ళోని ఒక బస్సు స్టాపు పేరు పెట్టుకున్నాడు. పేరు పెట్టని మలుపు ఒక్కటే ఉంది, వెనక గేటు దగ్గర, శవాలను ఉంచే చల్లగదికి పోయేది. ఆ దారిన పోయేవాళ్ళు ఎటని అడగరు. అక్కడ అతని నోరూ లేవదు.

బిక్షం పొట్టి మనిషి. తోసి తోసి కుడి భుజం కిందికి జారింది. బొటనవేళ్ళ మొదట కాయలు కాసి, అరచేతులు తాటిపట్టల్లా తయారయ్యాయి. నీలం యూనిఫాం మెడ దగ్గర వెలిసి తెల్లబడింది. నడుస్తుంటే ఎడమ మోకాలు టక్కుమంటుంది, అది వినబడే నర్సులు అతను వస్తున్నాడని తెలుసుకుంటారు. అతనికి లోకం మీద మంచి అభిప్రాయం లేదు. ఆసుపత్రి గోడల మీద నవ్వుతున్న కుటుంబాల ఫోటోలు చూసి, వీళ్ళెవరూ ఈ ఆసుపత్రికి ఎన్నడూ వచ్చినోళ్ళు కారు, వస్తే ఆ నవ్వుండదు అనుకుంటాడు. గుడికి పోడు. పండగ పూట ఎవరైనా చెయ్యి కలిపితే, వీనికి నాతోని ఏం పని పడ్డదో అనుకుంటాడు. భార్య పోయింది. కూతురు నవత పెళ్ళై చిలకలగూడలో ఉంటుంది, ఆదివారం పులుసు పంపిస్తుంది. ఆ పులుసు గిన్నె మూత తీసేటప్పుడు ఒక్కసారే అతని మొహం కాస్త మెత్తబడుతుంది.

అతను ఆరో తరగతిలో చదువు మానేశాడు. ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినబడకూడదని రూలు పెట్టిన బడి అది. ఎండాకాలం పొద్దున్న, "సార్, నీళ్ళు తాగొస్త" అని అడిగాడు. అడగవలసిన భాషలో అడగలేదని సారు బెంచీ ఎక్కించి నిలబెట్టాడు. తిండి గంట కొట్టేదాకా అట్లాగే నిలబడ్డాడు. మర్నాటి నుంచి కార్ఖానా బస్తీలో సైకిల్ షాపుకి పోయాడు. అక్కడ కుండలో నీళ్ళుండేవి, ఏ భాషలోనూ అడగనక్కర్లేదు, ముంచుకుని తాగడమే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. కానీ కోటు వేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి గబగబా మాట్లాడితే, అర్థం కాకపోయినా "అయింది సార్" అని తల ఊపే జబ్బు అప్పటినుంచే పట్టుకుంది. ఆ జబ్బు అతనికొక్కడికే కాదు. ఆసుపత్రి వరండాలో నిలబడి చూస్తే తెలుస్తుంది, అర్థం కానివాళ్ళే ఎక్కువగా తల ఊపుతారు.

దేవమ్మను ఫోటో గదిలో అప్పగించి తిరిగి వస్తుంటే లిఫ్టు దగ్గర వేణుమాధవ్ దొరికాడు. ఫ్లోర్ మేనేజరు. మెడలో తాడు, చేతిలో టాబు, నిద్ర లేని కళ్ళు.

"బిక్షం అన్నా, మళ్ళా బస్ స్టాపులేనా? మొన్న త్రీ నాట్ టూ పేషెంట్ కొడుకు కంప్లైంట్ ఇచ్చిండు. మా ఫాదర్‌ని కామెడీ చేస్తున్నరన్నడు. ఇంకోటి వస్తే మెమో ఇయ్యాల్సొస్తది, నా చేతుల్లో లేదు. నేర్పించిన లైన్లు చెప్పరాదే?"

"ఏ లైన్లు సార్?"

"గుడ్ మార్నింగ్, మై నేమ్ ఈజ్ బిక్షం, ఐ విల్ టేక్ యూ. మూడే ముక్కలు."

"చెప్పిన సార్ ఒకసారి. నేను తీస్కపోతా అని చెప్పినంక ఆ ముసలాయన దండం పెట్టిండు. యముడు సుత గిట్లనే అంటడనుకున్నడేమో."

వేణుమాధవ్ నవ్వు ఆపుకుని మొహం గట్టిగా పెట్టుకున్నాడు. "జోకులొద్దన్నా. ఫోర్త్ ఫ్లోర్ పో. మేబెల్ మేడమ్‌ని ఇంకోసారి స్కానింగ్‌కి తీస్కపోవాలె."

ఆ పేరు వినగానే బిక్షం గబుక్కున లిఫ్టు ఎక్కాడు.

లోకంలో బిక్షం చేతులెత్తి మొక్కదగ్గ మనిషి ఒక్కరే, ఆ ఒక్కరూ మేబెల్ సిస్టరే. ఇదే ఆసుపత్రిలో నర్సుగా చేరి, మెట్రన్ అయి రిటైరైంది. బాపట్ల దగ్గర పల్లెటూరు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కూతురు షెకీనాను పెంచి పెద్ద చేసి, కార్ఖానాలో రెండు గదుల ఇంట్లో ఆ పిల్లతోనే ఉంటోంది. తెల్లటి చీర, కట్టె విరిచినట్టు మాట. ఎడమ రొమ్ము మీద పిన్నుతో గుచ్చి వేలాడే చిన్న గడియారం ఒకటి, అది తలకిందులుగా ఉండేది. బిక్షం కొత్తల్లో ధైర్యం చేసి అడిగాడు, "అమ్మా, గడియారం ఉల్టా పెట్టుకున్నరు" అని. ఆమె తల వంచి చూసుకుని, "నాకు సూటిగానే ఉందయ్యా. చూసేవాళ్ళకే తలకిందులు. టైము కావలసింది నాకా, నీకా?" అంది.

కమలాబాయి కడుపులో గడ్డతో ఇక్కడ పడుకున్నప్పటి మాట. కమలాబాయి అతని భార్య. పెద్ద డాక్టరు వరండాలోకి పిలిచి, ఎటో చూస్తూ, ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. "అండర్‌స్టుడ్?" అన్నాడు. "అయింది సార్," అన్నాడు బిక్షం. డాక్టరు వెళ్ళాక గోడకు ఆనుకుని నిలబడితే, తెల్లచీర వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏం అర్థమైంది? చెప్పు చూద్దాం."

అతను తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు.

"మరి తలెందుకు ఊపావ్?"

"సిగ్గయితది కదమ్మా."

ఆమె తిట్టలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, గడ్డ ఎక్కడుందో, ఎంతదాకా పాకిందో, కోస్తే ఏమవుతుందో, కొయ్యకపోతే ఏమవుతుందో, పప్పులో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. అతను ఏడ్చాడు. ఏడుపు అయ్యేదాకా ఉండి, "పద, ఇప్పుడు ఆమెకి చెప్దాం," అంది.

"ఆమెకెందుకమ్మా? బెంగ పెట్టుకుంటది."

"ఒళ్ళు ఆమెది. ఆ ఒంట్లో ఏముందో ఆమె మాటలో ఆమెకి తెలియాలి. అది నువ్వూ నేనూ దయ తల్చి ఇచ్చేది కాదు, ఆమె హక్కు."

కమలాబాయి అంతా వింది. "గింతేనా? రోజూ నా ముంగట గుసగుసలాడుకుంటుంటే ఇంకేమో అనుకున్న," అంది. కోత వద్దంది. బన్సీలాల్‌పేట్‌లో ఇంటికి వచ్చి, చెల్లెలితో పదేళ్ళ పంచాయితీ తెంపుకుంది. నవతను పక్కన కూర్చోబెట్టుకుని పులుసు పెట్టడం నేర్పింది. మొగుణ్ణి తిట్టవలసినవన్నీ తీరిగ్గా తిట్టింది. ఎండలు ముదరకముందే, నిద్రలో పోయింది. తెలియకుండా పోయి ఉంటే ఆ పులుసు లేదు. ఆదివారం గిన్నె మూత తీసిన ప్రతిసారీ బిక్షానికి కనబడేది మెట్ల మీద కూర్చున్న ఆ తెల్లచీరే.

ఈ ఉద్యోగం వేయించిందీ ఆమే. మొదటిరోజు చెప్పింది ఒక్కటే ముక్క. "పడుకున్న మనిషికి కనిపించేది పైకప్పు ఒక్కటే, బిక్షం. లైట్లు పరుగెత్తుతుంటాయి, ఎటు పోతున్నామో తెలీదు. నువ్వు దారి చెప్పు. వాళ్ళకి వచ్చిన మాటలో చెప్పు." అప్పటినుంచి తెలుగువాళ్ళకు తెలుగులో, ఉర్దూవాళ్ళకు ఉర్దూలో, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళకు కమలాబాయి తల్లి దగ్గర విన్న నాలుగు మరాఠీ ముక్కల్లో దారి చెబుతూనే ఉన్నాడు. ఏ మాటా రానివాళ్ళకు మలుపు వచ్చినప్పుడల్లా భుజం మీద వేలితో తట్టేవాడు, కుడికైతే కుడి, ఎడమకైతే ఎడమ.

అట్లాంటి మనిషి రెండు రోజుల కింద పక్షవాతంతో ఈ ఆసుపత్రికే వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నోరు వంకరపోయింది. మాట లేదు.

నాలుగో అంతస్తు గదిలో షెకీనా మంచం పక్కన నిలబడి ఉంది. ముప్పై దాటిన పిల్ల, టీచరు, జుట్టు దువ్వుకుని రెండు రోజులైనట్టుంది. డ్యూటీ డాక్టరు కల్పలత మేబెల్ మొహం మీదికి వంగి, గట్టిగా, గౌరవంగా, ఇంగ్లీషులో అడుగుతోంది. వేళ్ళు నొక్కమంటోంది. కళ్ళు మూసుకోమంటోంది. మేబెల్ కళ్ళు డాక్టరు మొహం మీదే ఉన్నాయి గానీ వేళ్ళు కదలలేదు.

"ఏం గ్రహించడం లేదండీ," అంది కల్పలత నెమ్మదిగా. "బ్రెయిన్‌లో వాపు పెరిగినట్టుంది, స్కాన్‌లో చూద్దాం. బ్రీతింగ్ వీక్ అవుతోంది. వెంటిలేటర్ పెట్టాలా వద్దా సాయంత్రంలోపు మీరు డిసైడ్ చెయ్యాలి."

"నేనెలా డిసైడ్ చేస్తాను డాక్టర్? తను ఒక్క మాట చెబితే చాలు. అందరి గురించీ తనే డిసైడ్ చేసేది. ఆంటీ, ప్లీజ్, టెల్ మీ సంథింగ్," అని షెకీనా ఆ చల్లని చేతిని పట్టుకుంది. ఇంట్లో ఎప్పుడూ ఇంగ్లీషే. పల్లెటూరి నుంచి ట్రైనింగుకి వచ్చిన కొత్తలో భాష రాక పడిన అవమానం ఈ పిల్లకు రాకూడదని మేబెల్ పెట్టిన కట్టు అది. ఆసుపత్రిలో అందరికీ అదే తెలుసు. ఆమె ఇంగ్లీషుకి పెద్ద డాక్టర్లే భయపడేవారు. అందుకని ఇప్పుడు ఆమెతో ఇంకో భాషలో మాట్లాడటం ఎవరికీ తోచలేదు. తోచినా మర్యాద అనిపించేది కాదేమో.

బిక్షానికీ తోచలేదు. ఆమెకు కప్పిన బూడిదరంగు రగ్గు మీద, రొమ్ము దగ్గర, షెకీనా ఆ చిన్న గడియారం గుచ్చి పెట్టింది. ఇద్దరు నర్సుల సాయంతో, రగ్గుతో సహా, ఆమెను స్ట్రెచరు మీదికి మార్చాడు. దారి పొడుగునా నోరు మెదపలేదు. పాఠం చెప్పిన గురువు ముందు ఆ పాఠమే ఒప్పజెప్పడానికి సిగ్గేసింది. ఇంత పెద్దమనిషికి ప్యారడైజ్, పాట్నీ అని చెప్పడమేంది, నవ్విపోతరు అనుకున్నాడు. లైట్లు ఆమె కళ్ళ మీదుగా ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. స్కానింగ్ అయింది. మళ్ళీ బయటికి వచ్చారు. షెకీనా రిపోర్టు కోసం వెనక ఆగింది.

చక్రం ఇనపపట్టీ మీద ఎక్కింది. దిగింది. కుదుపుకి మేబెల్ ఒళ్ళంతా అదిరి, ఎడమచెయ్యి పక్కకడ్డీని గబుక్కున పట్టుకుంది. వేలికణుపులు తెల్లబడ్డాయి. కళ్ళు పైకప్పు మీద అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఆ చూపు బిక్షం ఎరుగును. పన్నెండేళ్ళ కింద ఇదే చోట, పేరు తెలియని మనిషెవడో తోస్తుంటే, కమలాబాయి పైకి చూస్తూ, "ఎటు తీస్కపోతుండ్రు నన్ను?" అని అడిగింది. ఆ మనిషి జవాబు చెప్పలేదు.

బిక్షం స్ట్రెచరు ఆపాడు. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఊళ్ళో అందరికీ దారి చెప్పి, దారి చెప్పమన్న మనిషిని మూగబండిలో తిప్పుతున్నాడు!

"అమ్మా," అన్నాడు వంగి. "ఇది ఆలుగడ్డబావి బ్రిడ్జి. కుదుపు అయిపోయింది. తప్పు నాది, ముందుగాల చెప్పలే. ఇగ స్టేషను వస్తది. నిమ్మళంగా ఉండు."

కడ్డీ మీద వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి.

"ఇప్పుడు ఎడమకు తిప్పుతున్న."

తిప్పకముందే ఆమె కళ్ళు ఎడమకు తిరిగాయి.

బిక్షం మోకాలు టక్కుమంది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఆమె చెవి దగ్గరికి మొహం తెచ్చి, మెల్లగా అడిగాడు. "అమ్మా, నేను బిక్షాన్ని. కమలాబాయి మొగణ్ణి. నా మాట సమజైతున్నదా? అయితే చెయ్యి జెర లేపు."

ఎడమచెయ్యి రగ్గు మీంచి లేచింది. గాలిలో వణుకుతూ నిలబడింది. వంకరపోయిన పెదవులు కష్టపడి కదిలాయి. లోపల్నుంచి, బావిలోంచి చేదినట్టు, ఒక మాట వచ్చింది.

"మెల్లిగా."

లిఫ్టు ముందు దారి మూసుకుపోయింది. వెనక ఇంకో స్ట్రెచరు, దాని వెనక వీల్‌చైరు. వేణుమాధవ్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఏందిది! దారిల ఆపి ముచ్చట్లేంది? ఇప్పుడే కదా చెప్పిన!"

"మెమో రాసుకో సార్. సంతకం నేనే పెడతా. ముందుగాల ఆ డాక్టరమ్మను పిలువు. అమ్మ ఇంటున్నది. తెలుగుల చెప్తే ఇంటున్నది."

వేణుమాధవ్ ఆ లేచిన చేతికేసి చూశాడు. టాబు చంకలో పెట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా, మెట్ల మీద పరుగు తీశాడు.

గదిలో మళ్ళీ మంచం మీదికి మార్చాక కల్పలత వచ్చింది. ఆయాసపడుతోంది. షెకీనా తలుపు దగ్గరే నిలబడిపోయింది, దగ్గరికి వస్తే ఆ చెయ్యి మళ్ళీ పడిపోతుందేమో అన్నట్టు. కల్పలత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పక్షవాతంలో ఒక్కోసారి నేర్చుకున్న భాష పోయి పుట్టిన భాష మిగులుతుంది, నాకే తోచలేదు. నాదీ తెలుగే," అంది బిక్షంతో, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా. "కానీ ఈ సంగతి తెలుగులో ఎప్పుడూ చెప్పలేదు. ఎలా చెప్పాలో..."

"ఇంట్ల మీ అమ్మకు చెప్పినట్టు చెప్పుండ్రి మేడమ్. ఆగి ఆగి చెప్పినా మంచిదే."

కల్పలత ఆగి ఆగే చెప్పింది. ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి పెట్టింది. "అమ్మా... మీ తలలో నరం మూసుకుపోయింది. లోపల వాపు వచ్చింది. అది పెరుగుతోంది. మీ ఊపిరి అలిసిపోతోంది. గొంతులో గొట్టం వేసి, మిషనుతో ఊపిరి ఆడించొచ్చు. దానివల్ల మళ్ళీ మామూలవుతారని... నేను చెప్పలేను. అవడం కష్టం. గొట్టం వెయ్యకపోతే... ఎక్కువ రోజులు మిగలవు. కానీ నొప్పి, ఆయాసం లేకుండా చూసుకుంటాం. పక్కనే ఉంటాం." చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. "గొట్టం వెయ్యమంటే చెయ్యి ఎత్తండమ్మా."

చెయ్యి రగ్గు మీదే ఉంది.

"వద్దంటే ఎత్తండి."

ఎత్తింది.

కల్పలత ఊరుకోలేదు. బయటికి వెళ్ళి పెద్ద డాక్టరును తీసుకొచ్చి, ఆయన ముందు మళ్ళీ అడిగింది, ఈసారి ప్రశ్న తిప్పి అడిగింది. జవాబు తిరగలేదు. మూడోసారి అడగబోతే మేబెల్ నుదురు చిట్లింది. పాతరోజుల్లో కొత్త నర్సు సూది తప్పుగా పట్టుకుంటే చిట్లేది అచ్చం అట్లాగే.

"వద్దు," అంది.

ఆ గదిలో అంత స్పష్టమైన మాట ఆ రెండు రోజుల్లో ఎవరూ అనలేదు. పెద్ద డాక్టరు తల వంచి, "అలాగేనమ్మా," అన్నాడు, తెలుగులోనే.

షెకీనా అప్పుడు దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, మంచం అంచున గడ్డం ఆనించింది. ఏదో చెప్పాలని అలవాటైన భాషలో మొదలుపెట్టి, ఆగిపోయింది. ఆ పిల్ల తెలుగు వంటింటి తెలుగు, పనిమనిషితో, కూరలబండితో మాట్లాడే నాలుగు ముక్కలు. వాటిలోనే వెతుక్కుంది. పుట్టిన నాటినుంచీ ఆంటీ అని తప్ప పిలవని మనిషిని, మొదటిసారి, "అత్తా" అంది.

మేబెల్ కళ్ళు ఆ పిల్ల మొహం మీద నిలిచాయి. చాలాసేపు పట్టింది మాట బయటికి రావడానికి.

"అన్నం... తిన్నావా?"

షెకీనా తల మంచానికి ఆనించి భోరుమంది. "తింటానత్తా. తింటాను," అంది. బిక్షం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వేణుమాధవ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకోలేదు.

"మెమో సార్?"

"పో అన్నా, చాయ్ తాగు పో," అన్నాడు వేణుమాధవ్. "నాకొకటి తీస్కరా."

మధ్యాహ్నమంతా మామూలు పనే. దేవమ్మను వార్డుకి చేర్చాడు. "మళ్ళా అదే బస్సా? డ్రైవరు మొహం ఏంది గట్ల ఉబ్బింది?" అంది ఆమె. "దుమ్ము పడ్డది అవ్వా," అన్నాడు. ఒక కాలు విరిగిన కుర్రాణ్ణి, ఒక బాలింతను, ఉర్దూ తప్ప రాని ఒక ముసలి తాతను తిప్పాడు. సందు దొరికినప్పుడల్లా నాలుగో అంతస్తు తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. లోపల షెకీనా దూదిని నీళ్ళలో ముంచి అత్త పెదవులు తడుపుతోంది. తనకు తోచినట్టు, తప్పులతో, తడుముకుంటూ తెలుగులో మాట్లాడుతోంది. ఒకసారి వెళ్ళినప్పుడు పాత తెలుగు కీర్తన ఒకటి సన్నగా వినిపించింది. రెండో చరణం ఆ పిల్లకు రాలేదు. మేబెల్ పెదవులు కదులుతున్నాయి.

మేబెల్ అతన్ని చూసి ఎడమచెయ్యి కొంచెం ఆడించింది. అతను దగ్గరికి పోయి నిలబడ్డాడు. కృతజ్ఞత చెప్పుకునే పెద్ద మాటలు అతనికి ఏ భాషలోనూ రావు.

"పులుసు మంచిగ పెడ్తది నవత," అన్నాడు. "కమల నేర్పిందే. మీరు ఆనాడు చెప్పబట్టి నేర్పింది."

ఆమె కళ్ళు మూసి తెరిచింది. సమజైందని దాని అర్థం.

పొద్దు వాలి, కిటికీలో ఎండ పసుపురంగుకి తిరిగిన వేళ, ఆమె ఒక ఊపిరి తీసుకుని, తర్వాతది తీసుకోలేదు. మిషన్లు కూతలు పెట్టలేదు, ఎవరూ పరుగెత్తలేదు. షెకీనా చేతిలో చెయ్యి ఉంది. కల్పలత వచ్చి చూసి, స్టెతస్కోపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకుంది.

బిక్షం డ్యూటీ అయిపోయింది. బట్టలు మార్చుకోలేదు. స్ట్రెచరు మీద ఉతికిన దుప్పటి పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేశాడు. తెల్లగుడ్డలో చుట్టిన ఆ మనిషి ఇంత తేలికా అని ఆశ్చర్యపోయాడు. తలుపు దాటించాడు. ఈ ప్రయాణంలో ఎన్నడూ మాట్లాడని మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"గిది ప్యారడైజ్ అమ్మా. ఇయ్యాల జామ్ లేదు."

కౌంటరు దగ్గర నర్సులు లేచి నిలబడ్డారు.

"కుడికి తిప్పుతున్న. పాట్నీ. గిది క్లాక్ టవరు, నీకు ఎరుకే, అది నడవదు. స్టేషన్ వచ్చింది."

వేణుమాధవ్ లిఫ్టు తలుపు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి మీట నొక్కాడు. కింద ఇనపపట్టీ దగ్గర బిక్షం ఆగాడు. "ఆలుగడ్డబావి. జెర కుదుపు," అని ముందుగానే చెప్పాడు. వేణుమాధవ్ వంగి ముందుచక్రాలను చేత్తో ఎత్తి దాటించాడు. కుదుపు లేకుండా దిగింది.

వెనక గేటు మలుపు వచ్చింది. పేరు లేని మలుపు. షెకీనా పక్కనే నడుస్తూ, అతను ఏమంటాడోనని చూస్తోంది. బిక్షానికి ఆమె రెండు గదుల ఇల్లు, వాకిట్లో మల్లెచెట్టు, ఉద్యోగం ఖాయమైందని చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆమె గ్లాసుతో ఇచ్చిన మంచినీళ్ళు గుర్తుకొచ్చాయి.

"అమ్మా, కార్ఖానా వచ్చింది," అన్నాడు. "మన స్టాపు. దిగుదాం."

షెకీనా కళ్ళు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది. "థాంక్స్" అనబోయి, మానుకుని, రెండు చేతులూ జోడించింది. బిక్షం తల ఊపాడు. ఈసారి అర్థమయ్యే ఊపాడు.

స్ట్రెచరు అప్పగించి, ఆ పిల్ల మరచిపోయిన సంచీ తెస్తానని అతను నాలుగో అంతస్తుకి మళ్ళీ ఎక్కాడు. గదిలోకి ఇంకా ఎవరూ రాలేదు. మంచం మీద తలగడ మధ్యలో చిన్న గుంత ఉంది. బూడిదరంగు రగ్గు పక్కకు తొలగించినది తొలగించినట్టే పరుచుకుని ఉంది. దానికి గుచ్చిన గడియారం దానికే ఉండిపోయింది. కాళ్ళవైపు నుంచి చూస్తే అంకెలన్నీ తలకిందులు. బిక్షం మోకాలు టక్కుమనిపించుకుంటూ మంచం చుట్టూ తిరిగి తలవైపుకు వచ్చి నిలబడ్డాడు.

అక్కడినుంచి చూస్తే ఆ చిన్న గడియారం, ఖాళీ తలగడకు టైము చెబుతున్నట్టు, సూటిగా, తప్పు లేకుండా నడుస్తోంది.